షిరనామి కిటికీ రబ్బరు

డబ్బా విప్పగానే మిసావోకి నోట మాట రాలేదు. ఇదేమీ చిన్న విషయం కాదు. మా ఓసాకా తకాయిదా సందుల్లో లేతు మిషన్లూ ప్రెస్సులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉంటాయి. వాటన్నిటి మీదుగా వినపడే గొంతు ఒకటే, తోరిగాయ్ రబ్బరు వర్క్స్ యజమానురాలు మిసావోది. అరవై దాటాక ఆ గొంతు పెరిగిందే తప్ప తగ్గలేదు. అలాంటి మనిషి అట్టపెట్టెలో, పాత పేపర్ల మధ్య పడుకున్న ఒక నల్లటి రబ్బరు ముక్కని చూసి గప్‌చుప్‌గా నిలబడిపోయింది.

"ఏంటక్కా, బొద్దింక గానీ వచ్చిందా పెట్టెలో?" అన్నాడు తమ్ముడు షిగేకి, ప్రెస్సు దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

"నోర్మూసుకుని ఇటు రా."

షిగేకి వచ్చి చూశాడు. పాతకాలం కార్లలో తలుపు అద్దానికి ముందు బుల్లి త్రికోణపు కిటికీ ఒకటి ఉండేది కదా, దాని చుట్టూ కూర్చునే రబ్బరు అది. ఎండి ఎండి కట్టెలా అయిపోయింది. ఒళ్ళంతా బీటలు. కింది మూల ఒకటి విరిగి ఊడిపోయింది. దాని పక్కనే గుడ్డలో చుట్టి, ఆ కిటికీ అద్దం కూడా ఉంది.

"షిరనామి కూపె కారుది," అన్నాడు షిగేకి. వాడి గొంతు కూడా తగ్గింది. "అక్కా, ఇది మనదే."

మనదే. వాళ్ళ నాన్న గెన్‌పచి, వెనక గోడ దగ్గరున్న ఆ పాత ప్రెస్సు మీద ఒకప్పుడు ఇవే ఒత్తేవాడు. బడి నుంచి వచ్చిన మిసావో చెక్క స్టూలు మీద కూర్చుని, అచ్చు అంచుల్లోంచి పొంగుకొచ్చిన పల్చటి రబ్బరు పొరని కత్తెరతో కత్తిరించేది. ముక్కలన్నీ పెట్టెల్లోకి వెళ్ళేవి. పెట్టెల మీద షిరనామి మోటార్స్ అని కాగితం అంటించేవాళ్ళు. తోరిగాయ్ అన్న పేరు పెట్టె మీద ఉండేది కాదు, ముక్క మీద అసలే ఉండేది కాదు. పెద్ద కంపెనీ కింద పని చేసేవాళ్ళ పద్ధతే అది. చేసేది మనం, పేరు వాళ్ళది. ఫలానాది మేం చేశామని బయట నోరు జారామా, మర్నాటి నుంచి పని ఉండదు. గెన్‌పచి ఎంత గట్టి మనిషంటే, వీధిలో షిరనామి కూపె వెళ్తుంటే దాని కిటికీ మూల వంక ఒక్క చూపు చూసి, ఏమీ ఎరగనట్టు మొహం తిప్పేసుకునేవాడు.

తర్వాత షిరనామి కంపెనీ మూతపడింది. మూతపడే ముందు లారీ పంపించి, తమ అచ్చులన్నీ పట్టుకెళ్ళి కరిగించేసింది. ఆ కిటికీల రబ్బరు తకాయిదాలో పుట్టిందని తెలిసిన మనుషులు ఇప్పుడు భూమ్మీద ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఆ పెట్టె ముందే నిలబడి ఉన్నారు.

"ఒరేయ్ షిగే, ఈ పని మనకే రావాలి," అంది మిసావో. "వేరేవాడెవడో చేశాడంటే నాన్న అచ్చుని రెండోసారి పట్టుకెళ్ళి కరిగించినట్టే."

పెట్టె పంపినాయన పేరు ఇనుజుకా. ఉండేది టోక్యోలో. డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. షిరనామి కూపె ఉన్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్న క్లబ్బుకి ఆయనే పెద్ద. దేశం మొత్తం మీద నడిచే బళ్ళు ఇరవై కూడా లేవు. వాటన్నిటికీ ఇదే రోగం, ఈ త్రికోణపు కిటికీల్లోంచి వాన లోపలికి కారుతుంది. అందుకే కొత్త రబ్బర్లు చేసి పెట్టేవాళ్ళ కోసం వెతుకుతున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఫోన్ చేశాడు. మాట తీరు పట్టులా ఉంది, ఒక్క మడత లేదు. టోక్యో వాళ్ళ మాటే అంత.

"తోరిగాయ్ గారూ, మేం ఇప్పటికి రెండుసార్లు దెబ్బ తిన్నాం. మొదటాయన సిలికాన్ అచ్చులో యూరెథేన్ అనే ప్లాస్టిక్‌ని పోసి ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు వానాకాలాలు గడిచేసరికి కరిగిన మిఠాయిలా జిగురుజిగురుగా అద్దానికి అంటుకుపోయింది. రెండో ఆయన నిజం రబ్బరుతోనే చేశాడు గానీ, మూలల్లోంచి కారుతోంది. వానొస్తే నా మోకాళ్ళు తడుస్తాయి. ఇది మూడోసారి. ఇది కూడా అలాగే అయితే బండి అమ్మేసి ఊరుకుంటాను. క్లబ్బులో ఇంకా చాలామంది నా వెనకే అమ్మేస్తారు."

"అంత దూరం రాదులెండి," అంది మిసావో.

"ఏమో. మీకు పంపింది షిరనామి వాళ్ళ సొంత ఫ్యాక్టరీలో చేసిన అసలు సరుకు. అలాంటి పనివాళ్ళు ఇప్పుడు లేరు. అంత బాగా చెయ్యడం మీవల్ల అవుతుందంటారా?"

మిసావోకి చెవుల దాకా వేడెక్కింది. పక్కనుంచి షిగేకి చేతులు ఊపుతూ సైగలు చేస్తున్నాడు, చెప్పెయ్ చెప్పెయ్ అని. ఆమె వాడికి వీపు తిప్పేసింది. నాన్న నోరు విప్పలేదు, నేనెలా విప్పుతాను అనుకుంది. చెప్పాల్సిందేదో రబ్బరే చెప్తుంది.

"అవుతుంది," అంది ముక్తసరిగా.

"మరి గట్టిదనం ఎంత పెడతారు?"

"దాని సంగతి నాకొదిలెయ్యండి. ఏ కగెన్‌గా చేసి పెడతాను, మీరు నిశ్చింతగా ఉండండి!"

ఏ కగెన్ అన్నది మా వైపు రోజూ నాలుక మీద ఆడే మాట, ఆలోచించకుండానే అనేసింది. అవతలనుంచి "అలాగా," అని ఒక్క మాట వినపడింది. ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పని ఖాయమైపోయిందని మిసావో పొంగిపోయింది. సందు చివర కాఫీ కొట్టు ముసలాయనకీ, ఎదురింటి బోల్టుల షాపావిడకీ, ఆఖరికి పోస్టు తెచ్చిన మనిషికి కూడా చెప్పుకుంది. మర్నాడు పొద్దున్నే ఫాక్స్ మిషను ఒక కాగితం కక్కింది. పని వద్దు, ముక్కనీ అద్దాన్నీ జాగ్రత్తగా ఉంచండి, వచ్చే వారాంతం నేనే బండిలో వచ్చి తీసుకెళ్తాను అని దాని సారాంశం. చివర ఒక వాక్యం మర్యాదగా చురక పెట్టింది. ఇలాంటి పనిని ఏ కగెన్‌గా చేసేవాళ్ళకి అప్పగించలేనందుకు మన్నించండి, అట.

"ఇదేం మనిషిరా! నేను చెప్పిందే నాకు తిరిగి చెప్తున్నాడు! ఏ కగెన్‌గా చెయ్యక ఇంకెలా చేస్తారు?" అని మిసావో కాగితం పట్టుకుని ఊగిపోతుంటే, షిగేకి ప్రెస్సుని ఆనుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు.

"పప్పులో కాలేశావక్కా! ఆయన టోక్యో మనిషి!"

అప్పుడు వెలిగింది ఆమెకి. మా ఓసాకాలో పులుసులో ఉప్పు సరిపోతే ఏ కగెన్ అంటాం. స్నానాల తొట్టెలో నీళ్ళు ఒంటికి హాయిగా ఉంటే ఏ కగెన్ అంటాం. ఎంత ఉండాలో అంతే, వేలెడు ఎక్కువా లేదు తక్కువా లేదు అని. అదే మాటని మొహం చిట్లించి అంటే, అడ్డదిడ్డంగా అని తిట్టు కూడా అవుతుంది, మేమూ వాడతాం, గొంతుని బట్టి తెలిసిపోతుంది. కానీ టోక్యో చెవికి ఆ మాటలో తిట్టే ముందు వినపడుతుంది. ఏదో చుట్టబెట్టేసి ఇచ్చేస్తాను, నువ్వు నోరు మూసుకో అని మిసావో అన్నట్టు విన్నాడు పాపం ఇనుజుకా. రెండుసార్లు దెబ్బ తిన్నవాడు మూడోసారి ఆ మాట వింటే పారిపోడా మరి.

"ఫోన్ చేసి చెప్పు. రెండు నిమిషాల పని," అన్నాడు షిగేకి కళ్ళు తుడుచుకుంటూ.

మిసావో ఫోను మీద చెయ్యి వేసింది. వేసి తీసేసింది. "చెప్పను."

"అదేంటి?"

"మాటలకి అర్థాలు చెప్పుకుని పని అడుక్కోవాలా? గెన్‌పచి కూతుర్ని, నేను అడుక్కోను. ఆయన బండేసుకుని వస్తున్నాడు కదా, రానీ. ఆ లోపల చేసి పెడదాం. బండికి తొడిగి చూపిద్దాం. అప్పుడూ వద్దంటే తీసుకెళ్ళిపోమను."

"వద్దన్న పనికి అచ్చు చెక్కుతావా? నీకు గానీ పిచ్చెక్కిందా?"

"ఎక్కింది. కంప్యూటరు ఆన్ చెయ్యి."

ఇక అక్కడ మొదలైంది అక్కాతమ్ముళ్ళ యుద్ధం. షిగేకిది సిలికాన్ అచ్చుల పక్షం. ముక్కకి నమూనా చేసి, దాని చుట్టూ మెత్తటి సిలికాన్ పోసి, గట్టిపడ్డాక రెండు చెక్కలుగా కోసి, ఆ ఖాళీలో యూరెథేన్ నింపి గాలి లాగేస్తే చిటికెలో ముక్క చేతికొస్తుంది. కాసిని ముక్కల పనికి లోహం చెక్కేవాడు వెర్రివాడని వాడి వాదన.

"ఆయన మొదటిసారి ములిగింది దాంట్లోనే కదరా!"

"అది నాసిరకం. ఇప్పుడొచ్చే యూరెథేన్ జిగురు కట్టదు."

"కట్టదని పదేళ్ళు పక్కన కూర్చుని చూశావా?"

"చూడలేదు. నీ లోహం అచ్చు తప్పు చెక్కామనుకో, అప్పుడేం చేస్తావ్? సిలికాన్ అయితే పారేసి ఇంకోటి పోస్తాను. అల్యూమినియం దిమ్మని పారేస్తావా?"

మిసావో గొంతు పెంచింది. "ఒత్తిన రబ్బరుకీ పోసిన దానికీ తేడా లేదా? వేడి మీద ఒత్తిడి పడితేనే రబ్బరు రబ్బరవుతుంది. లోహం అచ్చే. నాన్న వాడిన రబ్బరే, ప్రకృతి రబ్బరే తెప్పిస్తాను. అసలంటే అసలు!"

షిగేకి పెట్టెలోంచి పాత ముక్కని తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వేలితో కొంచెం వంచాడు. టప్పున ఇంకో చీలిక విచ్చుకుంది.

"ఇదిగో నాన్న రబ్బరు," అన్నాడు. ఈసారి నవ్వడం లేదు. "నాన్న పని మంచిదే. ఆ రోజుల్లో దొరికింది ఇదే. ఎండకీ గాలికీ ఇదే గతి. నాన్నకి ఇ.పి.డి.ఎం. దొరికి ఉంటే ఇది వాడేవాడంటావా?"

ఇ.పి.డి.ఎం. అంటే ఇప్పటి కార్ల తలుపులకి వేసే రబ్బరు, ఏళ్ళ తరబడి ఎండలో నిలబడినా బీటలివ్వదు. మిసావో చేతిలో ముక్కని చాలాసేపు చూసింది. తండ్రి చేసిన వస్తువు ఓడిపోయిందని ఒప్పుకోవడం ఆమెకి అంత తేలిక కాదు. "వాడేవాడు కాదు," అంది చివరికి. "సరే, ఆకారం నాన్నది, రబ్బరు నీది, అచ్చు నాది."

"మరి నా సిలికాన్?"

"ముందు దాంతో ఉత్తుత్తి ముక్క ఒకటి పోసి చూపించు. ఆకారం కుదిరాకే లోహం కోద్దాం. చచ్చావా, బతికావా?"

"బతికాను," అన్నాడు షిగేకి. వాడికి అదీ గెలుపే.

అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. పాత ముక్కని కొలిచి దాన్నే దింపితే పని చెడుతుంది. యాభై ఏళ్ళు ఎండిన రబ్బరు ముసలాళ్ళలాగే కుదించుకుపోతుంది. పైగా కొత్త రబ్బరు వేడి అచ్చులోంచి వచ్చి చల్లారేటప్పుడు అది కూడా కాస్త ముడుచుకుంటుంది. ఈ రెండు తగ్గుదలలూ కలిపి అచ్చుని పెద్దగా చెక్కాలి. ఎంత పెద్దగా అన్నదే ప్రశ్న. అక్కడ పనికొచ్చింది అద్దం. అద్దం ఎంత ముసలిదైనా కుదించుకుపోదు. షిగేకి అద్దాన్ని కొలిచి, దాని చుట్టూ రబ్బరుని కంప్యూటరులో పెంచుకుంటూ వచ్చాడు. విరిగిన మూల దగ్గర పక్క గీతలు రెంటినీ కలిపి నున్నగా పూర్తి చేశాడు.

"అది కాదు," అంది మిసావో భుజం మీదుగా తొంగి చూసి.

"ఏది కాదు? ముచ్చటగా ఉందిగా."

"ముచ్చటగా ఉంది కాబట్టే కాదు. అక్కడ లోపలివైపు కండ ఉంటుంది. చిన్నది, బియ్యపు గింజంత ఉబ్బు."

"అంత చిన్నది నీకు గుర్తుందా?"

"గుర్తుండకేం? కత్తెర ఎప్పుడూ అక్కడే జారేది. ఒకసారి అనవసరమైన పొరేమో అనుకుని కోసేశాను. నాన్న అంత కోపం చెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు. నీళ్ళు ఆపేది అదేనే పిచ్చిదానా, అన్నాడు. షిరనామి వాళ్ళ డ్రాయింగులో అది లేదు. ఆ మూల కారుతోందని నాన్నే అచ్చులో గోకి పెట్టాడు, వాళ్ళకి చెప్పలేదు. చెప్తే మా డ్రాయింగుకే వంక పెడతావా అంటారని."

షిగేకి నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్ళలో ఈ సంగతి వాడికీ తెలియదు. ఇంకేమీ వాదించకుండా మూలలో కండ పెట్టాడు. మిసావో చూపుడువేలు స్క్రీను మీద ఆనించి, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు అంటూ పెంచించింది.

ఉత్తుత్తి ముక్క అద్దానికి చక్కగా కుదిరింది. అల్యూమినియం దిమ్మ చెక్కారు. మొదటిసారి ఒత్తి తెరిచి చూస్తే కండ ఉండాల్సిన చోట గాలి బుడగ, బోలుగా సొట్ట. మిసావో నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది, ప్రెస్సుని, గాలిని, కాసేపు షిగేకిని కూడా. తర్వాత తిన్నగా కూర్చుని, ఆ మూలనుంచి గాలి పోవడానికి వెంట్రుకంత గాడి తనే గీసింది. మళ్ళీ పచ్చి రబ్బరు పట్టీ పేర్చి, మూత పెట్టి, ప్రెస్సు దించింది. ఈసారి తెరిస్తే నల్లగా, నిగనిగలాడుతూ, వేడి వేడిగా ముక్క ఒక్క లాగుకే ఊడొచ్చింది. మూలలో కండ నిండుగా ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్ళి, తొందరేం లేనట్టు పైకి లేచింది. మిసావో దాన్ని చెంపకి ఆనించుకుంది. సిగ్గు పడాల్సిన పనేం ఉంది, బిడ్డ పుడితే చేసేది అదే కదా.

ఇనుజుకా వచ్చిన రోజు ముసురు. పొద్దున్నుంచి వాన ఆగలేదు. సందులోకి లేత ఆకుపచ్చ కూపె ఒకటి గురగురమంటూ వచ్చి ఆగింది. కుడి కిటికీకి అద్దం లేదు, ఆ చోట ప్లాస్టిక్ కాగితం వేసి టేపు అంటించాడు. దిగిన పెద్దమనిషి సన్నగా పొడుగ్గా ఉన్నాడు. ఒళ్ళో వేసుకొచ్చిన తువ్వాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. అయినా వంగి నమస్కారం పెట్టడం మాత్రం మర్చిపోలేదు.

"శ్రమ ఇచ్చాను. నా ముక్క, అద్దం తీసుకుని వెళ్ళిపోతాను."

"ముందు ఆ బండిని షెడ్డు కిందకి తొయ్యండి," అంది మిసావో. బార్లీ టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, బల్ల మీద పాత ముక్కని, అద్దాన్ని, వాటి పక్కన కొత్త రబ్బరుని వరసగా పెట్టింది.

ఇనుజుకా కనుబొమలు పైకి లేచాయి. "నేను పని వద్దని రాశాను కదండీ."

"వద్దన్నారు, నిజమే. మేం ఉండలేకపోయాం. తొడిగి చూసుకోవడానికి మీకేం నష్టం లేదు కదా."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, బండి తలుపు తెరిచాడు. షిగేకి సబ్బు నీళ్ళు రాసి, కొత్త రబ్బరుని అద్దం చుట్టూ తొడిగి, తలుపు చట్రంలోకి నెట్టాడు. పక్కనుంచి ఇనుజుకా మెడ చాచి చూస్తున్నాడు. ఆఖరి మూల దగ్గర కొంచెం మొరాయించింది. మిసావో ముందుకొచ్చి అరచేతి మొదలుతో ఒక్కటి వేసింది, లోపలికి దిగి కూర్చుంది.

"లోపలెక్కండి," అంది. "కర్చీఫ్ తీసి మోకాలి మీద పెట్టుకోండి."

ఆయన ఎక్కాడు. మిసావో నీళ్ళ పైపు అందుకుని, కుళాయి పూర్తిగా తిప్పి, కిటికీ మీదకి ఎదురుగా కొట్టింది. తలుపు దడదడలాడింది. పైనుంచి కొట్టింది, కిందనుంచి కొట్టింది, ఆ మూలకి పైపు దగ్గర పెట్టి మరీ కొట్టింది. షెడ్డంతా చెరువైంది, షిగేకి ప్యాంటు తడిసి ముద్దయింది. అద్దం వెనక ఇనుజుకా కదలకుండా కూర్చుని ఉన్నాడు. మిసావో మనసులో ఒకటే మాట. ఈ మనిషి తడిస్తే నాన్న పేరు అడిగేవాడు ఇక లేడు.

నీళ్ళు కట్టేసింది. తలుపు తెరుచుకుంది. ఇనుజుకా కర్చీఫ్‌ని ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. పొడిగా ఉంది, ఇస్త్రీ మడత కూడా పోలేదు.

ఆయన లోపలివైపు నుంచి రబ్బరు వెంట వేలు పోనిచ్చాడు, కింది మూల దగ్గర ఆ వేలు ఆగింది. బండి దిగి, చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాడు. ఎడమ కిటికీకి ఇంకా పాత రబ్బరే ఉంది, బీటలిచ్చినా మూల విరగనిది. దాన్ని తడిమాడు. మళ్ళీ ఇటు వచ్చి దీన్ని తడిమాడు.

"తోరిగాయ్ గారూ, నేను మీకు పంపిన ముక్కలో ఈ మూల విరిగిపోయింది."

"అవును."

"ఇక్కడ ఇలా ఉబ్బు ఉంటుందని నేను చెప్పలేదు. ఇదివరకు చేసిన ఇద్దరూ ఇక్కడ నున్నగా పూర్తి చేశారు. కారింది అక్కడే. మరి మీకెలా తెలిసింది?"

మిసావో పైపు చుట్టడం మొదలెట్టింది. నోట్లోంచి మాట తన్నుకొస్తోంది, పళ్ళు బిగించి ఆపుకుంది. షిగేకి షెడ్డు కప్పు వంక చూస్తూ ఈల వేశాడు, తనకేమీ సంబంధం లేనట్టు. ఇనుజుకా ఈమెని చూశాడు, వాణ్ణి చూశాడు. గోడ దగ్గరున్న పాత ప్రెస్సు మీద ఆయన చూపు పడింది, అక్కడే నిలిచింది.

"షిరనామి వాళ్ళ సొంత ఫ్యాక్టరీ అన్నాను మీతో," అన్నాడు నెమ్మదిగా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మీ మొహం మీదే అన్నాను."

"మేమేమీ అనలేదండీ," అంది మిసావో.

"తెలుసు. మీరనరు." ఆయన నడుం వంచి, తల దాదాపు మోకాళ్ళ దాకా తెచ్చి నమస్కారం పెట్టాడు. చాలాసేపు లేవలేదు. "ఇన్నేళ్ళూ ఈ బండిని తుడుచుకుంటూ షిరనామి వాళ్ళని పొగుడుతూ వచ్చాను. ఆ ఫోనులో మీరన్న మాట కూడా నేనే తప్పుగా విన్నట్టున్నాను."

"అది మీ తప్పు కాదు," అన్నాడు షిగేకి. "మా అక్క మాట్లాడితే ఓసాకా వాళ్ళకే సగం అర్థం కాదు."

"నీ పళ్ళు రాలగొడతాను!" అంది మిసావో. కానీ తిట్టు సరిగ్గా తెగలేదు.

ముగ్గురూ నవ్వారు. వెళ్ళే ముందు ఇనుజుకా క్లబ్బులో అందరి బళ్ళకీ కావాలన్నాడు, ఇంకోటి కూడా అన్నాడు. "మాది కంపెనీ కాదు, ఉట్టి క్లబ్బు. ముక్క మీద వేసుకోవడానికి మాకు పేరంటూ లేదు. మీ పేరు వెయ్యండి. ఎక్కడ వెయ్యాలన్నది మీ ఇష్టం."

ఆకుపచ్చ కూపె సందు మలుపు తిరిగేదాకా అక్కాతమ్ముళ్ళు వానలోనే నిలబడ్డారు.

ఆ తర్వాత వారమంతా మిసావో నేల మీద నడవలేదు. పేరు వెయ్యడమన్న మాటే ఆమెకి కొత్త. వీళ్ళ చేతులు చెక్కని పేరు లేదు. పంపుల కంపెనీ పేరు, ఫ్యానుల కంపెనీ పేరు, ఊళ్ళోని బొమ్మల కంపెనీ పేరు, అన్నీ చెక్కారు. సొంత పేరు ఎప్పుడూ చెక్కలేదు. బ్రష్షుతో కాగితం మీద నాలుగు అక్షరాలు రాసింది, తో రి గా యి అని. బాగోలేదని చించి మళ్ళీ రాసింది.

"అక్కా, ఇది చూస్తే సుషీ మీద పెట్టే ఆలిచిప్ప అనుకుంటారు," అన్నాడు షిగేకి. ఇంటిపేరూ ఆ చిప్ప పేరూ ఒకటే కావడం వాళ్ళ చిన్నప్పటి ఏడుపు.

"అనుకోనీ. ఆలిచిప్ప కూడా నీళ్ళు రాకుండా మూసుకుంటుంది. చెక్కు."

"ఎక్కడ?"

ఆమె ఆలోచించలేదు. "లోపలివైపు. అద్దం కిందకి వెళ్ళే చోట."

"అక్కడ ఎవడికీ కనపడదు."

"కనపడకపోతేనేం? తొడిగేవాడికి తెలుస్తుంది, చాలు."

షిగేకి ఆమె రాతని మిషనుకి ఎక్కించి, అచ్చు లోపల చెక్కించాడు. రబ్బరు పేర్చారు, ప్రెస్సు దించారు. టైమరు మోగే దాకా ఇద్దరూ ప్రెస్సు పక్కనే నిలబడ్డారు. తెరిచి, ముక్కని పీకి, మిసావో దాన్ని తిప్పి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఒరేయ్ షిగే. యిగారితో ఎవర్రా?"

షిగేకి లాక్కుని చూశాడు. పేరు తిరగబడి ఉంది, ఒక్కో అక్షరం వీపు చూపిస్తూ నిలబడింది. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ అచ్చులో అద్దంలో బొమ్మలా తిప్పి చెక్కే మనుషులు, సొంత పేరు దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద ఎలా ఉందో అలాగే దింపేశారు. ఆమె రాసి ఇచ్చింది, వాడు చూసుకోలేదు. ఇద్దరికీ ఆ పేరు చదువుకునే తొందరే తప్ప, అది అచ్చులోకి వెళ్తోందన్న ధ్యాసే లేదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు మొదటి రోజు చేస్తే చెవి మెలేసే తప్పు.

షిగేకి మొహం పాలిపోయింది. "నేనే చూసుకోవాల్సింది. ఆ చోటు కోసేసి వేరే దిమ్మ బిగించాలి. మళ్ళీ చెక్కాలి."

తిట్టు పడుతుందని వాడు కాచుకుని ఉన్నాడు, పడలేదు. మిసావో ఆ తిరగబడిన పేరు మీద బొటనవేలు రాస్తోంది. రాస్తూ రాస్తూ నవ్వడం మొదలెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"చూశావుట్రా మన గతి. మన పేరు ఎలా చెక్కాలో మన చేతులకే తెలీదు. నాన్న చేతులకీ తెలీదు. ఎప్పుడైనా చెక్కితే కదా తెలిసేది!"

"సాయంత్రానికి సరిచేసేస్తాను అక్కా. అదే చోట."

మిసావో కళ్ళు తుడుచుకుంది. ముక్కని ఇటు తిప్పి బయటివైపు చూసింది, వీధిలో నిలబడ్డవాడికి కనపడే నల్లటి నున్నటి వైపు.

"అదే చోట ఎందుకు? ఎలాగూ మళ్ళీ చెక్కాలి కదా," అంది. "ఈసారి బయటివైపు చెక్కు."

షిగేకి ఆమె మొహంలోకి చూశాడు. "బయటికా? నిజంగానా? ఎంత పెద్దగా?"

"వానలో గొడుగేసుకుని పక్కనుంచి పోయేవాడు కూడా చదవగలిగేంత. అడ్డమొచ్చేవాడెవడూ లేడు. మనది మనమే చేశాం, చెప్పుకుంటే తప్పేంటి?" అంటూ కొత్త కాగితం తీసి, బ్రష్షు సిరాలో ముంచి, ఈసారి అక్షరాలు తిరగేసి రాయడం మొదలెట్టింది.